నవాహోల మేతభూములు: పథకము ఎవరిది?

రాబోవు సర్వసభ్య సమావేశమున గుట్టక్రింది బీడును గూర్చిన పథకమొకటి మీ యెదుటికి వచ్చును. ఆ బీడును మూడేండ్లు పశువులకు మూసి, గడ్డి విత్తి, వంకలకు అడ్డముగా రాతికట్టలు వేయవలెనని అందు వ్రాయబడియున్నది. వ్రాసినవాడను నేనే. పథకము మంచిదనియే నేటికిని నా నమ్మకము. అయినను దానిమీద మీరు చేతులెత్తుటకు ముందు, అమెరికా సంయుక్త రాష్ట్రములలో నవాహోలు అను ఆదివాసుల భూములలో జరిగిన సంగతి యొకటి మీకు చెప్పక విడువగూడదని తోచినది. అచ్చట కూడ మంచి పథకమే వ్రాసిరి. వ్రాసినవారు చదువుకొన్నవారు, నేలయెడల ప్రీతి గలవారు, చాలమట్టుకు నావంటి వృత్తివారు.

నవాహోలు తమ్ముతాము ‘దినే’ యని పిలుచుకొందురు. జనులని దాని యర్థము. ఆరిజోనా, న్యూమెక్సికో, యూటా రాష్ట్రములలో వారి సీమ సుమారు 27,000 చదరపు మైళ్లు వ్యాపించియున్నది. విస్తీర్ణము విని మనము అసూయపడనక్కఱలేదు. అందు అధికభాగము ఎఱ్ఱరాతి మిట్టలు, ఇసుకనేలలు, ఏడాదిలో ఎక్కువకాలము ఎండియుండు వంకలు. పెక్కుచోట్ల ఏటికి 10 అంగుళముల వానయైనను పడదు. కఱవుసీమయని మనము చెప్పుకొను అనంతపురమున సగటున 20 అంగుళములకు పైగా పడుచున్నది. ఆ కొద్దిపాటి వానతోనే వారు, వంక పొంగి నీరు పఱచుకొను చోటులు చూచి మొక్కజొన్న వేయుదురు. తేమ తగులువఱకు జానెడు లోతున విత్తనమును నాటుదురు. తక్కిన బ్రతుకంతయు తరతరములుగా గొఱ్ఱెలమీదనే సాగినది.

ఆ గొఱ్ఱెలకొక చరిత్ర కలదు. 1864లో సైన్యము నవాహోల పంటలను తగులబెట్టి, పండ్లతోటలను నఱికి, వారిని వందల మైళ్లు కాలినడకను తోలుకొనిపోయి, బాస్క్ రెడోండో అనుచోట నిర్బంధించెను. ఎందఱో ఆకలికిని రోగములకును బలియైరి. 1868లో ఒడంబడిక జరిగి వారు తమ నేలకు మరలినపుడు, 15,000 గొఱ్ఱెలను మేకలను కొనియిచ్చుటకు గవర్నమెంటువారు ఒప్పుకొనిరి. ఆ మూలధనము సుమారు అరువదేండ్లలో పదిలక్షల తలలకు పెరిగినది. మన సంఘమున ఏ సభ్యుడైనను తీసికొన్న పరపతిని అట్లు వృద్ధిచేసియుండినచో మనము ఊరేగింపు చేసియుందుము.

మంద ఆ యింట ఎవరిదో ముందుగా తెలిసికొనవలెను. తరువాతి కథ అంతయు దీనిమీదనే తిరుగును. నవాహోలలో వంశము తల్లినిబట్టి సాగును. కుటుంబములో ప్రతివారికిని వేఱువేఱు గొఱ్ఱెలుండును. పిల్లవానికి సైతము ఒక గొఱ్ఱెపిల్లనిచ్చి, దాని సంతతి వానిదే యందురు. అయినను మందను కాచుట, ఉన్ని వడకి కంబళ్లు నేయుట, ఏది కోయవలెనో ఏది అమ్మవలెనో తేల్చుట చాలవఱకు స్త్రీల యధీనమున నుండెను. వారు నేసిన కంబళ్లకు దూరదేశములందును గిరాకి కలదు. మేకపాలు పిల్లల యాహారము. ఇల్లాలు కొంగున ముడివేసికొన్న సొమ్ము మనకెట్టిదో, వారికి మంద యట్టిది.

1930 ప్రాంతమునకు ఆ నేల నిజముగనే చెడియుండెను. ఈ మాటను ఒప్పుకొనకున్న, తరువాతిది వట్టి అధికారుల దౌర్జన్యముగా మాత్రమే కనబడును. గడ్డి పలుచబడెను, వంకలు లోతుగా కోసికొనిపోయెను, వాన కురిసినపుడెల్ల మన్ను కొట్టుకొనిపోయి నదులలో కలియుచుండెను. అదేకాలమున కొలరాడో నదిమీద బౌల్డరు ఆనకట్టను కట్టుచుండిరి; నేడు దానిని హూవరు ఆనకట్ట యందురు. నవాహో నేలనుండి వచ్చు ఒండ్రుతో జలాశయము మేటవేసిపోవునని ఇంజనీర్లు భయపడిరి. కావున పథకమునకు కారణములు రెండు. కొండమీదివారి నేలను కాపాడుట యొకటి, దిగువవారి ఆనకట్టను కాపాడుట యొకటి. నవాహోలతో మాటలాడినపుడు అధికారులు ఈ రెండింటిని కలిపివేసి చెప్పిరి. అనుమానమునకు బీజము అచ్చటనే పడినది.

1933లో ఆదివాసి వ్యవహారముల కమీషనరుగా జాన్ కాలియరు వచ్చెను. ఆయన దుష్టుడు కాడు. ఆదివాసుల మతములను, వారి ఉమ్మడి భూములను కాపాడవలెనని అంతకుముందు పదేండ్లుగా పోరాడినవాడు. ఆయన కాలముననే గాలప్ పట్టణమునకు ఉత్తరమున మెక్సికన్ స్ప్రింగ్స్ అనుచోట నేలకోతను అరికట్టు ప్రదర్శన క్షేత్రము తెఱవబడెను. కంచె వేసి, మందలను వెలుపలికి తోలి, వంకలకు అడ్డుకట్టలు వేసి, గడ్డి మరల లేచుట చూపిరి. ఇట్టి క్షేత్రములను నేనును ఇరువదేండ్లుగా చూపుచున్నాను. కంచెలోపలి గడ్డిని చూపుట సులభము. ఆ గడ్డి పెరుగునంతకాలము కంచె వెలుపలి పశువు ఏమి తినునో చూపు మడిని మాత్రము నేనింతవఱకు వేసినవాడను కాను.

సర్వేవారు లెక్కలు వేసి, ఆ సీమ సుమారు అయిదులక్షల ‘గొఱ్ఱె ప్రమాణముల’ను మాత్రమే భరింపగలదని తేల్చిరి. ఈ లెక్కలో ఆవు నాలుగు గొఱ్ఱెలకు, గుఱ్ఱము అయిదు గొఱ్ఱెలకు సమానము. 1933లో లక్ష గొఱ్ఱెలను, 1934లో లక్షన్నర మేకలను కొని తొలగింపవలెనని సంకల్పించిరి. నవాహో ప్రతినిధుల సభ అయిష్టముగనే తలయూపెను. ఆ సభలో స్త్రీ యొక్కతెయు లేదు. మందలెవరివో వారు తప్ప తక్కినవారందఱును అచ్చట కూర్చుండి మందలను తగ్గించిరన్నమాట.

మొదటి తగ్గింపున పెద్ద మందకును చిన్న మందకును ఒక్కటే పాలు. వినుటకు న్యాయముగనే యున్నది. మాటకు నూటికి పది యనుకొందము. వేయి తలలు గలవాడు ముసలివి, గొడ్డువి నూఱింటిని ఏఱి తోలివేసి, మంద శుభ్రపడినదని సంతోషించును. ఏబది తలలు గల ఇల్లాలు అయిదు ఇయ్యవలెనన్న, ఈనెడు గొఱ్ఱెలనే ఇయ్యవలెను. మేకల సంగతి ఇంకను దారుణము. నిపుణుని దృష్టిలో మేక చిగురును కొఱుకునది, ధర పలుకనిది. బీదయింట లెక్క వేఱు. గొఱ్ఱెను మిగుల్చుకొనుటకై మేకను కోసికొందురు. మేకపాలతో పిల్లలను సాకుదురు. కొన్న మేకలను రైలుస్టేషనువఱకు తోలుటకు వీలుపడని దూరపు చోట్ల, వేలకొలది మేకలను ఉన్నచోటనే కాల్చి చంపి, కుళ్లుటకు వదలివేసిరి. బాస్క్ రెడోండోలో ఆకలి చూచిన తల్లుల బిడ్డలు ఆ దృశ్యమును చూచిరి. ఆ కథను నేటికిని అచ్చటి యిండ్లలో చెప్పుకొందురు.

ఇచ్చట నా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. ఉద్యోగమున చేరిన మూడవయేట ఒక గ్రామమున ఇట్టి బీడునే మూయించితిని. సభ జరిపితిమి. పెద్ద రైతులు వచ్చి సంతకములు చేసిరి. వారి యెడ్లకు దొడ్లలో చొప్పవాములు కలవు. రెండు మేకలు, మూడు మేకలు గలవారు ఆనాడు కూలికి పోయియుండిరి. నెల తిరుగకముందే కంచె తెగినది. “గ్రామస్థుల అజ్ఞానమువలన పథకము నెఱవేఱలేదు” అని రిపోర్టు వ్రాసి పంపితిని. కొన్నాళ్లకు ఆ యూరి వితంతువొకామె నన్ను దారిలో నిలిపి, “అయ్యా, మూడేండ్లకు గడ్డి వస్తుందంటిరి గదా. ఆ మూడేండ్లూ నా మేకలను మీ యింటికి తోలుకొని రమ్మంటారా?” అని యడిగినది. నా నోట మాట రాలేదు. ఆ రిపోర్టు నేటికిని ఏ బీరువాలోనో నా సంతకముతో నుండియుండును.

నవాహోల కోపమునకు ఫలితము 1935లో కనబడినది. ఆదివాసులకు స్వపరిపాలన నొసగుటకై కాలియరు తెచ్చిన చట్టమును వారి ఓటుకు పెట్టగా, అనుకూలముగా 7,679, ప్రతికూలముగా 8,197 ఓట్లు వచ్చెను. చట్టములో వారికి మేలే యుండెను. మేకలను చంపినవాని చేతినుండి మేలును పుచ్చుకొనుటకు వారు ఇష్టపడలేదు. తరువాత సీమనంతయు మేత జిల్లాలుగా విభజించి, ఇంటికింత యని పర్మిట్లు వ్రాసి యిచ్చిరి. పెక్కు పర్మిట్లు ఇంటి పెద్దయను పేరున పురుషులకు పోయెను. ఎదిరించినవారిలో కొందఱు జైలుకు పోయిరి. 1945 ప్రాంతమునకు మందలు సుమారు సగమునకు దిగెను.

గడ్డి తిరిగి వచ్చెనా యని మీరడుగుదురు. కొన్నిచోట్ల వచ్చెను, పెక్కుచోట్ల రాలేదు. వంకలు కోసికొనిపోవుటకు మందలొక్కటియే కారణము కాదనియు, వానల తీరు మాఱుటయు కారణమనియు తరువాతి భూశాస్త్రజ్ఞులు పలువురు చెప్పిరి. జలాశయమునకు వచ్చు ఒండ్రును గూర్చిన భయము తీఱినది గాని, తీర్చినది గొఱ్ఱెల తగ్గింపు కాదు. ఎగువన 1963లో గ్లెన్ క్యానియన్ ఆనకట్ట లేచి ఆ మన్నును పట్టుకొన్నది.

పథకము పోయినను దాని కాగితములు పోలేదు. ఆనాటి మేత పర్మిట్లు వారసత్వముగా నేటికిని నడచుచున్నవి. ఆ భూమిలో అధికభాగము సంయుక్త రాష్ట్రముల గవర్నమెంటువారి ధర్మకర్తృత్వమున నున్నందున, మన పట్టావంటిది అచ్చటివారికి లేదు. ఇల్లు కట్టుకొనగోరువాడు ఎకరమునకు మించని స్థలమును కౌలుకు పుచ్చుకొనవలెను. ఆ చోట మేతహక్కు గలవారు సమ్మతింపవలెను. తాత పర్మిట్టు మనుమలకు, మునిమనుమలకు చీలినపుడు ఎవరి సమ్మతి ఎవరు తేవలెను? నీటిగొట్టమునకు, కరెంటుతీగకు, రోడ్డుకు సైతము ఇదే చిక్కు. దొడ్డిలో ఒక్క గొఱ్ఱెయు లేనివారును ఆ కాగితమును విడువరని చెప్పుదురు. నా యూహలో అది మొండితనము కాదు. ఆనాడు పోయినదానికి మిగిలిన గుఱుతు అదియొక్కటే.

నేటికిని అచ్చట సుమారు మూడింట ఒకవంతు ఇండ్లవారు త్రాగునీటిని పీపాలలో బండ్లమీద తెచ్చుకొనుచున్నారు. పర్మిట్ల చిక్కే దీనికంతకు కారణమనలేము. హోపీలతోడి సరిహద్దు తగవు పేరిట 1966లో సుమారు 15 లక్షల ఎకరములలో కట్టడములను నిలిపివేసిరి. ఇంటికప్పు బాగుచేసికొనుటకైనను అనుమతి కావలసివచ్చెను. ఆ నిషేధము తొలగినది 2009లో. ఒక తరము తరమే కాఱుచున్న కప్పుక్రింద ముసలిదైనది. 1868 నాటి ఒడంబడికను చూపి నీటిహక్కుల విషయమై గవర్నమెంటువారు పూనుకొనవలెనని నవాహోలు అడుగగా, ఆ ఒడంబడిక అట్టి బాధ్యతను విధింపలేదని సుప్రీంకోర్టు 2023లో అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పు చెప్పెను.

పెద్ద పథకములకు కొదువ లేదు. 1950 చట్టము 8 కోట్ల 80 లక్షల డాలర్లకు పైగా రోడ్లకును బడులకును మంజూరు చేసెను. రైతులమైన మనము గమనింపదగినది 1962 నాటి సేద్యపునీటి చట్టము. సాన్ హ్వాన్ నదినుండి 1,10,630 ఎకరములకు నీరియ్యవలెనని దాని యుద్దేశము. కుటుంబమున కింతయని పంచి చిన్న రైతులను నిలుపవలెనని మొదట తలంచిరి; తుదకు 1970లో ఏర్పడిన నవాహోల వ్యవసాయ సంస్థ దానిని చాలవఱకు ఒకే మహాక్షేత్రముగా సాగుచేయుచున్నది. తొలినీరు 1976లో పాఱెను. ఎకరములన్నియు నేటికిని తడియలేదు. అదే చట్టముతో పుట్టి, అదే నదీజలములను రియో గ్రాండె లోయలోని పట్టణములకు మళ్లించు సొరంగముల పథకము మాత్రము 1970లలోనే ముగిసినది. యురేనియము గనుల సంగతి వ్రాయబోయిన ఈ పత్రిక చాలదు. 500కు మించిన గనులను త్రవ్వినవారు త్రవ్వి వదలిపోయిరి. 1979లో చర్చ్ రాక్ వద్ద కట్ట తెగి విషజలము పశువులు త్రాగు ప్యూర్కో వాగున పడెను. 2005లో నవాహోల సభయే ఆ త్రవ్వకమును నిషేధించెను.

ఇక మంచి సంగతి. నవాహోలకు ‘చాప్టరు’ అను గ్రామసభలు కలవు. నేడు వాని సంఖ్య 110. పశుపోషణను, సేద్యమును గూర్చి మాటలాడుకొనుటకై 1927లో జాన్ హంటరు అను అధికారి వీనిని మొదలుపెట్టెను. మందల తగ్గింపును ఎదిరించువారు అందు కూడుటచే, గవర్నమెంటువారే తరువాత వానికి సాయము మానిరి. సలహా చెప్పుటకు పెట్టిన సభ ఎదురు చెప్పినపుడు మనకు కూడ అది చేదుగనే యుండును. 1998లో నవాహో సభ స్థానిక పరిపాలన చట్టమును చేసి, భూవినియోగ ప్రణాళికను వ్రాసికొను పనిని ఆ చాప్టర్లకే అప్పగించెను. గ్రామస్థులతో ఒక కమిటీ యేర్పడవలెను. ఇల్లు ఎచ్చట, మేత ఎచ్చట, నీరు ఎచ్చట అని జనులను అడిగి పటము గీయవలెను. అయిదేండ్లకొకసారి దానిని మరల చూడవలెను. పని మెల్లగా సాగుచున్నది. అధికారపత్రము పొందని చాప్టర్లు ఇంకను కలవు. సభకు కోరము 25 మంది. అంతమంది రాక వాయిదాపడుటయు కలదు. మన మహాసభల నెఱిగినవారికి ఇది వింత కాదు.

అట్టి సభలవలన ఏమగునో షిప్‌రాక్ చాప్టరు చూపినది. 2015 ఆగస్టులో ఎగువన కొలరాడో రాష్ట్రమున గోల్డ్ కింగ్ అను పాతగనినుండి సుమారు 30 లక్షల గ్యాలనుల కలుషిత జలము వెలువడి, నది పసుపుపచ్చగా మాఱెను. కాలువలు కట్టివేసిరి. కొన్ని వారములకు, నీరు మునుపటివలెనే యున్నదని ప్రభుత్వ పరీక్షకులు తెలిపిరి. అయినను షిప్‌రాక్ రైతులు తమ సభలో కూర్చుండి, కాలువలను మూసియుంచుటకే తీర్మానించిరి. చేలలో మొక్కజొన్న నిలువున ఎండినది. మొక్కజొన్న పుప్పొడి వారి ప్రార్థనలలో వాడు పవిత్రవస్తువు. ఆ నీరు దానిలోనికి పోరాదని వారి యభిప్రాయము. ఆ తీర్మానము శాస్త్రరీత్యా సరియా కాదా యని నేను తేల్చబోను. నేను పరీక్షకుడనైయుండినచో నీరు వదలుమనియే చెప్పియుందును. అయితే ఒక పంటకాలపు నష్టమును వారు తమ చేతులెత్తి తమమీద వేసికొనిరి. కాలువ తూమును రాత్రివేళ ఎత్తవలసిన పని ఎవరికిని లేకపోయెను.

సభకు విడిచిపెట్టిన, మందలు తగ్గింపుమని సభ ఎన్నడైన చెప్పునా యని నా తోటి ఉద్యోగులడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. నవాహో సీమలో నేటికిని మేతకు మించిన గుఱ్ఱములున్నవి. ఎన్నుకోబడిన మేత కమిటీలున్నను, ఇరుగుపొరుగువారి పశువును తోలివేయుటకు ఎవరును ముందుకు రారు. ఇది మనకు తెలియని కష్టము కాదు. సభ నిర్ణయము ఆలస్యమగును, కొన్నిసార్లు తప్పగును. కాని 1934 నాటి తొందరకు వారు చెల్లించిన ధరతో పోల్చిన, ఆ యాలస్యము చౌకయని నా యభిప్రాయము.

మన పథకపు ప్రతిలో అయిదవ పుటను ఖాళీగా విడిచియున్నాను. గుట్టక్రింది బీడుమీద ఆధారపడిన ఇండ్లు ఏవి, ఏ యింట మేకలెన్ని గొఱ్ఱెలెన్ని, వానిని మేపువారెవరు, ఆ మూడేండ్లు వానికి మేత ఎచ్చటనుండి వచ్చును, అందుకు సంఘమెంత ఇయ్యగలదు అను సంగతులు అందు వ్రాయవలసియున్నది. సంఘ సభ్యులు కానివారి యిండ్లును అందుండవలెను. మేకలు గలవారిలో ఎక్కువమంది మన సభ్యులు కారు. సమావేశమును పగటిపూట కాక, మందలు ఇండ్లకు చేరి దీపములు పెట్టిన తరువాత జరుపుటకు అధ్యక్షులవారు అంగీకరించియున్నారు. ఆడవారు తప్పక రావలెను. పిల్లలను వెంటబెట్టుకొని వచ్చినను ఇబ్బంది లేదు. ఆనాటికి ఆ పుట నిండకయున్న, పథకమును ఓటుకు పెట్టవలదని నేనే లేచి కోరుదును.